ఎడమచేతి చామంతి

బావ మేడమీద స్టూలెక్కి, చామంతి కుండీలకు ఎండ తగలకుండా వల కడుతూ కింద పడ్డాడని అక్క ఫోన్ చేసేసరికి, సెలూన్‌లో ఒక పెద్దమనిషికి గడ్డం సగమే గీయడం అయింది. బావమరిది మిగతా సగం కూడా తీరుగా గీసి ముగించాడు. ఆయన కుర్చీలోంచి లేవడమే ఆలస్యం, షట్టరు దించి, జేబులో దువ్వెన జేబులోనే ఉండగా ఆస్పత్రికి పరుగెత్తాడు.

బావ మంచం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి వేళ్ళ మొదళ్ళ నుంచి మోచేతి దాకా తెల్లటి పిండికట్టు. బావమరిది మొహం చూడగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"ఒరేయ్, ఆ చివరి కుండీ పగల్లేదు కదా?"

"కుండీ నిక్షేపంలా ఉంది. విరిగింది మీ చెయ్యే," అంది అక్క.

"చెయ్యి అతుక్కుంటుందే. మొగ్గ విరిగితే అతుక్కుంటుందా?"

పక్క మంచం మీద రోగి కూడా నవ్వాడు. అక్కకు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బావ సిటీ బస్సు డ్రైవరు. ఆయన బస్సుకి హారన్ పనిచేయకపోయినా ఫరవాలేదని తోటి డ్రైవర్లు అంటుంటారు, అంత గొంతు. బావమరిది దానికి పూర్తిగా వేరు. పనిలో పడితే కత్తెర చప్పుడు తప్ప మరో చప్పుడు వినిపించదు. అసలు ఊళ్ళో గార్డెన్ క్లబ్‌లో ముందు చేరింది బావమరిదే. "ఇన్నాళ్ళూ మనుషులకు చేశావు, ఇప్పుడిక చామంతులకు క్షవరం మొదలెట్టావా?" అని బావ పగలబడి నవ్వాడు. నవ్వినవాడు ఊరుకోకుండా ఒకసారి పోటీ చూడడానికి వెళ్ళాడు. పిల్లాడి తలంత చామంతి ఒకటి గాజు కూజాలో ఒంటరిగా నిలబడి ఉంటే దాని ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. మరుసటి వారమే మేడ నిండా కుండీలు వెలిశాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మొదట్లో నవ్విన అక్కకు, బట్టలారేయడానికి మేడమీద చోటు లేకుండా పోయాక నవ్వు తగ్గింది.

అప్పటినుంచి ఏటా చలికాలం మొదట్లో జరిగే చామంతి పోటీలో మొదటి బహుమతి బావమరిదిది, రెండోది బావది. ఎన్నేళ్ళు చూసినా ఇదే వరస. చివరికి క్లబ్బులో వాళ్ళు ఆయనకు "సెకండ్ బావ" అని పేరు పెట్టేశారు. ఎదురుగా పిలిచినా బావ పలికేవాడు. లోపల ఎంత మండేదో అక్కకు తెలుసు.

పువ్వును పెంచడంలో బావకు సాటి లేరన్న సంగతి బావమరిదికి అందరికంటే బాగా తెలుసు. ఎరువు ఎప్పుడు వేయాలో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో, పక్క మొగ్గలన్నీ గిల్లేసి ఏ ఒక్క మొగ్గను ఉంచాలో ఆయనకు ఎవరో చెవిలో చెప్పినట్టు తెలిసేది. ఆయన పువ్వులు పెద్దవి, రంగు చిక్కన, కాడ నిటారు. అయితే పోటీ హాలులోకి వచ్చేసరికి అవి అప్పుడే నిద్ర లేచి వచ్చినట్టుండేవి. ఒక రేకు ఇటు, ఒక రేకు అటు, అడుగున వాడిన రేకులు అలాగే. బావమరిది పువ్వు కాస్త చిన్నదైనా, ప్రతి రేకూ దాని చోట అది ఒద్దికగా కూర్చునేది. పోటీ ముందురోజు మెత్తటి కుంచె పట్టుకుని, రేకు వెనక రేకు లోపలికి మలుస్తూ, దెబ్బతిన్నదాన్ని పట్టకారుతో తీసేస్తూ పువ్వును దిద్దడంలో అతని చెయ్యి అలాంటిది. మార్కులు అక్కడే పడేవి.

ఈసారి బావ చెయ్యి కట్టులో ఉంది. పోటీ ఇంకో పక్షం రోజుల్లో ఉంది.

ఒక సాయంత్రం అక్క మందుల షాపులో డ్యూటీ దిగి నేరుగా సెలూన్‌కి వచ్చింది. గిరాకీ ఎవరూ లేకపోవడంతో తిరిగే కుర్చీలో కూర్చుని, అద్దంలోంచే తమ్ముణ్ణి చూస్తూ మాట్లాడింది.

"నిన్నొకటి అడుగుతాను, కాదనకు."

"అడుగు."

"ఈసారి మీ బావ పువ్వును నువ్వే దిద్దరా. ఆయనకు అన్నం కలుపుకోవడమే రావట్లేదు, ఇంక కుంచె ఏం పట్టుకుంటారు? పోటీకి పెట్టనంటున్నారు. పైకి గట్టిగానే ఉన్నారు గానీ, పొద్దున్నే మేడమీదికెళ్ళి ఆ పువ్వు ముందు కూర్చుని దిగిరావట్లేదు."

బావమరిది దువ్వెన కడగసాగాడు. ఆ పువ్వును అతను అప్పటికే చూశాడు. మొన్న బావను పలకరించడానికి వెళ్ళి, మేడమెట్లెక్కి చూశాడు. చివరి కుండీలో ఒక్కటే పువ్వు, ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. పసుపు అందామంటే పసుపు కాదు, తేనె అందామంటే తేనె కాదు. లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు రంగు అడుగునుంచి పైకి వస్తోంది. రేకులన్నీ మందంగా, బలంగా, లోపలికి ఒంగి ఒకదాన్నొకటి కప్పుకుంటున్నాయి. ఇన్నేళ్ళలో తను పెంచినవి గానీ, ఇంకెవరి దగ్గరైనా చూసినవి గానీ దీని పక్కన నిలబడవు. తన పోటీదారు పువ్వని మరిచిపోయి, వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు. కిందికి దిగాక గుర్తొచ్చింది: దీన్ని సరిగ్గా దిద్దితే తనకు ఈ ఏడు మొదటి బహుమతి ఉండదు.

"ఏరా?" అంది అక్క.

"చేస్తాలే అక్కా," అన్నాడు. "అలాంటి పువ్వును తల దువ్వకుండా నలుగురిలోకి పంపడానికి నాకూ మనసొప్పదు."

ఒప్పుకోనిది బావే.

"నా పువ్వు మీద నీ చెయ్యి పడ్డానికి వీల్లేదు," అన్నాడు గదంతా మోగేలా. "అది గెలిచిందనుకో, గెలిచింది బావమరిదేనంటారు. ఓడిపోయిందనుకో, కావాలనే ఓడించాడంటారు. ఎటు చూసినా నీకే నష్టం. నీకు లేని బుర్ర నాకుంది."

అందులో న్యాయం ఉంది. బావమరిది కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే నువ్వే దిద్దు బావా. నేను పక్కన కూర్చుని చెప్తా."

"దేంతో దిద్దను, కాలితోనా?"

"ఎడంచెయ్యి ఉందిగా."

"ఎడంచేత్తో నాకు చొక్కా గుండీ కూడా పట్టదురా!"

"పువ్వుకు గుండీలుండవులే," అన్నాడు బావమరిది.

మర్నాటినుంచి సెలూన్ కట్టేయగానే అతను అక్కవాళ్ళింటికి వచ్చేవాడు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, పోటీకి పనికిరాని చామంతులు తెచ్చి పెట్టేవారు. బావ ఎడంచేత్తో కుంచె పట్టుకుంటే గుంజ పట్టుకున్నట్టే ఉండేది. మొదటిరోజు పువ్వు బోడిగుండయింది. రెండోరోజు దానికి బట్టతల వచ్చిందని అక్క అంది. బావ కుంచె విసిరికొట్టి, మళ్ళీ తనే వెళ్ళి వెతికి తెచ్చుకున్నాడు.

"పైనుంచి నొక్కకు బావా. కిందనుంచి లేపు. నిద్రపోతున్న పిల్లాడి తలకింద చెయ్యి పెట్టి లేపుతామే, అలాగ."

"ఊఁ."

"వెనకవైపు అడుగు రేకు దగ్గర మొదలెట్టు. అక్కడ తప్పు చేసినా సర్దుకోవచ్చు. ఒక వరస అయ్యాక ఆగు. పువ్వు ఎటు ఒంగాలనుకుంటుందో చూడు. అది ఎటు ఒంగితే నువ్వూ అటే వెళ్ళు."

ఈ మాటలు అతను ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. క్లబ్బులో ఎంతమంది అడిగినా "ఏముందండీ, అలవాటు," అని తప్పించుకునేవాడు. ఇప్పుడు చెప్తుంటే తనకే వింతగా ఉంది. తన చేతుల్లో ఇంత విద్య ఉందని చెప్పుకుంటూ పోతేగాని తెలియలేదు. బావ కూడా ఊరుకోలేదు. కుంచె ఆడిస్తూనే, ఆకు రంగు చూసి ఎరువు ఎలా తగ్గించాడో, మొగ్గ తొడిగాక నీళ్ళు పోయకుండా ఎలా నిగ్రహించుకున్నాడో చెప్పుకొచ్చాడు. ఒకరి గుట్టు ఒకరు విప్పుకుంటుంటే అక్క గుమ్మానికి ఆనుకుని విన్నది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకు మీరిద్దరూ దెప్పుకోకుండా మాట్లాడుకోవడం ఇదే చూడ్డం," అంది.

"చెయ్యి అతుక్కోనీ, మళ్ళీ మొదలెడతాం," అన్నాడు బావ.

పోటీ షటిల్ ఆడే హాలులో. నెట్లు విప్పేసి, నేలమీద గీతల వెంబడి పొడుగాటి బల్లలు వేసి, వాటిమీద తెల్లటి గుడ్డలు పరిచారు. తెల్లవారుతుండగానే జనం గంపలతో, బకెట్లతో, కాగితపు డబ్బాలతో దిగారు. ఒకావిడ రాత్రంతా తన పువ్వును నీళ్ళల్లో నానబెట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చానని, కుదుపు వచ్చినప్పుడల్లా తనే గాల్లోకి లేచానని చెప్తోంది.

బావమరిది తన పువ్వును కూజాలో నిలబెట్టి, కాడ సరిచేసి, ఆకులు తుడిచాడు. తెల్లటి చామంతి. ఎటునుంచి చూసినా గుండ్రం. రేకుల మధ్య సూది దూరదు. పక్కవాళ్ళు వచ్చి చూసి, తల ఊపి వెళ్ళారు.

అదే బల్లకు అవతలి కొసన బావ ఎడంచేత్తో ఆఖరి రేకులు సర్దుతున్నాడు. ఆ పెద్ద మనిషి నాలుక పళ్ళ మధ్య బిగించి, కుంచె కొసతో ఒక్కొక్క రేకునూ లేపుతుంటే బస్సంతా ప్రయాణికులను పెట్టుకుని ఇరుకు సందులో వెనక్కి తీస్తున్నట్టుంది. బావమరిది దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. పువ్వు రాజసంగా ఉంది. అంతా అయిపోవచ్చింది.

అప్పుడు కుంచె జారి ఒక రేకు మధ్యకు చీలింది.

బావమరిది చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. పువ్వుకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆ చీలిన రేకును మొదలంటా తీసేసి పక్క రెండింటినీ దగ్గరికి జరపడం తనకు చిటికెలో పని. బావ తలెత్తి చూశాడు. బావమరిది చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పట్టకారు తీసుకో బావా. మొదలు దగ్గర పట్టుకో. లాగకు, తిప్పు."

బావ తిప్పాడు. రేకు చప్పుడు లేకుండా ఊడి వచ్చింది. వెనకవైపు చిన్న ఖాళీ మిగిలింది. దాన్ని పూడ్చబోయిన బావను "ఇంక వదిలెయ్. ముట్టుకున్నకొద్దీ చెడుతుంది," అని ఆపాడు.

న్యాయనిర్ణయం మొదలవుతుందని అందర్నీ బయటకు పంపేశారు. పోటీదారులు గాజు తలుపుల బయట గుమిగూడి, పరీక్ష హాలు బయట తల్లిదండ్రుల్లా మెడలు చాచారు.

లోపల జడ్జమ్మ బల్ల వెంబడి నడుస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉండే ఆవిడ ఒకప్పుడు మొక్కల నర్సరీ నడిపేది. ఇప్పుడు పెద్ద వయసు. క్లబ్బులో ఆవిడంటే అందరికీ హడలు, అందరికీ గురి కూడా. ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి ఎత్తిందంటే పువ్వు నచ్చినట్టు, ముక్కుమీదికి దించిందంటే తప్పు దొరికినట్టు. పక్కన కొత్తగా జడ్జి పని నేర్చుకుంటున్న అమ్మాయి మార్కులు వేస్తూ వెంట నడుస్తోంది. తలుపు కింద సందులోంచి వాళ్ళ మాటలు అడపాదడపా వినిపిస్తున్నాయి.

జడ్జమ్మ ఎవరి పువ్వునూ తేలిగ్గా దాటిపోలేదు. మూలన ఎవరో కొత్తవాళ్ళు పెట్టిన వంకర పువ్వు ముందు కూడా నిలబడి, వంగి, కాడ చూసి, ఆకు తిప్పి చూసి, కొత్త అమ్మాయితో ఏదో మెచ్చుకోలుగా చెప్పింది. అది చూసి బావమరిదికి ఆవిడంటే ఎప్పుడూ ఉండే గౌరవం ఇంకాస్త పెరిగింది. పొద్దున్నుంచీ నిలబడే ఉన్న మనిషి, అయినా మొదటి పువ్వును ఎలా చూసిందో చివరి పువ్వునూ అలాగే చూస్తోంది.

తెల్ల చామంతి ముందు కళ్ళజోడు నెత్తిమీదికి లేచింది. తేనెరంగు చామంతి ముందూ లేచింది. తర్వాత దిగింది. మళ్ళీ లేచింది.

"ఏం చేస్తోందిరా ఆవిడ? కళ్ళజోడుతో కసరత్తా?" అన్నాడు బావ. గొంతు తగ్గించి అన్నానని ఆయన అనుకున్నాడు. లోపల కొత్త అమ్మాయి ఉలిక్కిపడి తలుపువైపు చూసింది.

జడ్జమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి వంగి, పువ్వుకు కళ్ళు సమానంగా వచ్చేలా కూర్చుంది. కూజాను గుండ్రంగా తిప్పించింది.

"మేడమ్, వెనకాల ఒక రేకు లేదు," అంటోంది అమ్మాయి.

"చూశాను. దానికి మార్కు తీసెయ్. తీసేశావా? ఇప్పుడు మిగతా పువ్వును చూడు. లేనిది లెక్కపెట్టేశావుగా, ఉన్నది కూడా చూడాలి."

అమ్మాయి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ అమ్మాయి కూడా వంగింది.

తలుపులు తెరిచేసరికి తేనెరంగు చామంతి ముందు మొదటి బహుమతి కార్డు, తెల్ల చామంతి ముందు రెండోది ఉన్నాయి.

బావమరిదికి గుండెలో కలుక్కుమంది. అవుతుందని తెలుసు, అవ్వాలనే పక్షం రోజులు పాటుపడ్డాడు, అయినా కలుక్కుమంది. ఆ తర్వాత బావ మొహం చూశాడు. హారన్ లాంటి గొంతున్న మనిషికి మాట పెగల్లేదు. కార్డు చూస్తాడు, పువ్వు చూస్తాడు, మళ్ళీ కార్డు చూస్తాడు. పిండికట్టు చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి ముక్కుకు గట్టిగా తగిలించుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. బావమరిదికి తన లోపలి కలుక్కు ఎటు పోయిందో తెలియలేదు.

బావ తేరుకున్నాక నేరుగా జడ్జమ్మ దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. దిద్దింది ఈ ఎడంచెయ్యే గానీ, విద్య నాది కాదు. పక్కన కూర్చుని ప్రతి రేకూ చెప్పింది మా బావమరిది. తర్వాత మీకు తెలిసి బాధపడకూడదని చెప్తున్నాను."

"తెలుసు," అంది జడ్జమ్మ. "ఇద్దరి పువ్వుల్లోనూ ఒకటే నడక ఉంది. చెప్పినవాళ్ళకు మార్కులు లేవు, చెప్పించుకున్నందుకు కోతా లేదు. బల్లమీద ఉన్న పువ్వుకే మార్కులు." కాస్త ఆగి, "నేర్పినతన్ని ఇలా రమ్మను," అంది.

బావమరిది చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ అతన్ని తెల్ల చామంతి ముందుకు తీసుకెళ్ళింది.

"నీ పువ్వులో తప్పు లేదు. ఆ మాట ముందు విను. అయితే ఏటా నీ పని పెరుగుతోంది, పువ్వు తగ్గుతోంది. ఇదివరకు నీ పువ్వు చూస్తే ఎంత బాగా పూసిందీ అనిపించేది. ఇప్పుడు ఎంత బాగా దువ్వాడూ అనిపిస్తోంది. దువ్వెన కనిపిస్తోందయ్యా. మీ బావకు చెయ్యి తిరగదు కాబట్టి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిపోయాడు."

"ఆగమని చెప్పింది నేనేనండీ," అన్నాడు బావమరిది నెమ్మదిగా.

"అతనికి చెప్పావు. నీకు చెప్పుకోలేదు."

ఆవిడ మరో వరసలోకి వెళ్ళిపోయింది. అతను తన పువ్వువైపు తిరిగాడు. మొదట ఏమీ కనిపించలేదు. ఎప్పటిలాగే తీరుగా, నున్నగా ఉంది. కాసేపు అలాగే చూశాక కనిపించింది. రేకులన్నీ ఒకే కొలతకు తెగ్గోసినట్టు, ఫొటో కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషిలా ఉంది. సెలూన్‌లో తనే ఎంతమందికి చెప్పాడో: "ఇంతకంటే కత్తిరిస్తే మీ మొహం మీది కాదండీ." ఇన్ని పువ్వుల మధ్య, ఇంతసేపు నిలబడి, తన పనిలో తనకే కనిపించనిదాన్ని ఆవిడ వేలు పెట్టి చూపించింది. సిగ్గు వేయలేదు. అంత కన్ను ఉన్న మనిషి తన పువ్వును ఏటేటా గుర్తు పెట్టుకుందన్న సంతోషం వేసింది.

జనాన్ని లోపలికి వదిలారు. చూస్తుండగానే హాలు నిండిపోయింది. తేనెరంగు చామంతి చుట్టూ మూగినవాళ్ళకు బావ ఎడంచెయ్యి గాల్లో తిప్పుతూ, ఎండ వల మొదలుకుని ఆస్పత్రి మంచం దాకా కథంతా చెప్తున్నాడు. "కిందనుంచి లేపాలి, పైనుంచి నొక్కకూడదు. మా బావమరిది చెప్పాడు," అని ఆయన గొంతు హాలు ఆ కొస దాకా వినిపిస్తోంది. ఇన్నాళ్ళు దాచుకున్న విద్య అలా ఊరంతా పంచిపెట్టేస్తుంటే బావమరిదికి నవ్వొచ్చింది. వద్దనాలని అనిపించలేదు.

అతను కూడా జనంలో కలిసి, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఆ పువ్వు ముందుకు చేరాడు. పొద్దున చూసినదానికంటే ఇప్పుడు ఇంకొంచెం విప్పుకుంది. పై కిటికీల్లోంచి పడే వెలుతురుకు అడుగునుంచి రంగు ఎగదన్నుతోంది.

పక్కనున్న ముసలావిడ ముందుకు వంగి, ముట్టుకోవాలని వేలు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నిజం పువ్వేనా బాబూ ఇది?"

"నిజం పువ్వేనమ్మా," అన్నాడు. "మా బావ పూయించాడు."